హీరోయిన్ కోరికకు టికెట్లు తెగవా?

చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీరు ఒక కథ రాసుకున్నారు. భర్త పోయాక ఇంటర్ చదివే కొడుకుతో కూకట్‌పల్లిలో ఉంటున్న బ్యాంకు ఉద్యోగిని, వయసు నలభైకి దగ్గర. ఆమెకు ఒక మనిషి మీద మనసవుతుంది. ఆ ఇష్టంలో శరీరం కూడా ఉంది, దాన్ని మీరు దాచలేదు. కథ విన్న నిర్మాత, హీరోయిన్ పేరు మీద ఓపెనింగ్స్, అంటే మొదటి రోజుల కలెక్షన్లు, రావన్నాడు. అలాంటి సీన్లుంటే ఫ్యామిలీలు రావన్నాడు. ఆమెను పోలీసునో, పగ తీర్చుకునే తల్లినో చేసి మధ్యలో ఒక ఐటెం సాంగ్ పెడితే సినిమాను ఏరియాల వారీగా కొనే బయ్యర్లను తానే పట్టుకొస్తానన్నాడు. ఇందులో నిజమెంత అని అడిగారు.

నేను నైజాం (సినిమావాళ్ళ లెక్కలో తెలంగాణ ఏరియా) డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో, ఆ తర్వాత హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్ల బుకింగ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి. ఓపెనింగ్స్ గురించి ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. మిగతాదాంట్లో భయం ఎక్కువ, లెక్క తక్కువ. ఆయన చెప్పినట్టు మారిస్తే మాత్రం మీ కథ పోతుంది, డబ్బులూ రావు.

ఓపెనింగ్స్ సంగతే ముందు చూద్దాం. మన దగ్గర సినిమా విడుదలకు ముందే అమ్ముడవుతుంది. బయ్యర్ ఒక ఏరియాకు అడ్వాన్సో, ఎం.జి.యో (మినిమమ్ గ్యారంటీ, సినిమా ఆడినా ఆడకపోయినా ఇచ్చే మొత్తం) ఇచ్చేటప్పుడు కథ వినడు. ఆ హీరో గత సినిమాలకు మొదటి మూడు రోజులు ఎంత షేర్ (పన్నులు, థియేటర్ అద్దె పోగా మిగిలేది) వచ్చిందో చూస్తాడు. హీరోయిన్‌కు ఫ్యాన్స్ అసోసియేషన్లు లేవు, కటౌట్లకు పాలాభిషేకాలు లేవు, అర్ధరాత్రి షోలు లేవు. కాబట్టి చూడ్డానికి ఆమె పేరు మీద అంకె ఉండదు. అంకె లేదు కాబట్టి రేటు తక్కువ, థియేటర్లు తక్కువ, మల్టీప్లెక్సులో పొద్దున పదకొండు గంటల షో. ఆ షోకి ఎవరొస్తారు? ఎవరూ రాకపోతే, "చూశారా, ఆడవాళ్ళ సినిమాకి ఓపెనింగ్ లేదు" అంటారు. ఓపెనింగ్ రాకుండా అన్నీ చేసి, రాలేదని సినిమా మీద వేస్తారు.

డీసీఆర్ అని రోజువారీ కలెక్షన్ షీటు ఉంటుంది. ఏ థియేటర్లో, ఏ షోకి, ఏ క్లాసులో ఎన్ని టికెట్లు తెగాయో అందులో రాసి ఉంటుంది. స్టార్ హీరో సినిమా షీటు శుక్రవారం నాడు పైనుంచి కిందికి ఒకే అంకె, అన్నీ ఫుల్స్. సోమవారం మార్నింగ్ షో దగ్గరకు వచ్చేసరికి అసలు రంగు తెలుస్తుంది. ఆడవాళ్ళు ఎత్తుకున్న సినిమా షీటు వేరేలా ఉంటుంది. శుక్రవారం మార్నింగ్ షో బోసిగా ఉంటుంది. సాయంత్రం ఫస్ట్ షో కొంచెం నయం. శనివారం మ్యాట్నీకి కింది క్లాసుకంటే ముందు బాల్కనీ నిండుతుంది. ఆదివారం ఫస్ట్ షో హౌస్‌ఫుల్. సోమవారం మ్యాట్నీ పడిపోకుండా నిలబడుతుంది. సోమవారం మ్యాట్నీకి బాల్కనీ సగం దాటిందంటే, ఆ సినిమా రెండో వారం కూడా ఆ థియేటర్లోనే ఉంటుందని మేం పోస్టర్లకు ఆర్డర్ ఇచ్చేవాళ్ళం. ఆ షో నింపేది ఎవరు? పిల్లల్ని స్కూల్లో దింపి, అత్తనో చెల్లెల్నో వెంటేసుకుని వచ్చినవాళ్ళు. ఈ ప్రేక్షకురాలు మొదటి రోజు రాదు. ఇంకొకరు చూసి చెప్పాక వస్తుంది, వస్తే నలుగురిని తీసుకొస్తుంది.

2009 సంక్రాంతికి వచ్చిన "అరుంధతి"కి ఇలాగే జరిగింది. కోడి రామకృష్ణ దర్శకత్వం, శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాణం. 1995లో "అమ్మోరు" తీసిన జంటే. అప్పటికి అనుష్క అంటే గ్లామర్ హీరోయిన్, అంతే. ఆమె ఒక్కర్తి పేరు మీద అంత ఖర్చేమిటని అందరూ నోరెళ్ళబెట్టారు. ఆ తర్వాత ఆమె ఎక్కడ నిలబడిందో మీకు తెలుసు. అంతకుముందు విజయశాంతిదీ అదే దారి. 1990లో "కర్తవ్యం"కు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది, సినిమా తమిళంలోకి డబ్ అయి అక్కడా ఆడింది, హిందీలో ఆమెతోనే మళ్ళీ తీశారు. 1997లో "ఒసేయ్ రాములమ్మ" వచ్చేసరికి ఆమె పోస్టర్‌కు పక్కన హీరో అక్కర్లేదు. ఇంకా వెనక్కి వెళ్తే 1951 "మల్లీశ్వరి" భానుమతి ఉంది. రెండేళ్ళు తిరక్కుండానే "చండీరాణి"ని మూడు భాషల్లో ఆవిడే డైరెక్ట్ చేసింది. కాబట్టి హీరోయిన్ పేరు మీద సినిమా ఆడదనే మాటకు మన చరిత్రలోనే జవాబుంది.

అయితే ఈ విజయాల్లో ఒక షరతు ఉంది. మీ ప్రశ్నకు అసలు కీలకం అక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మనవాళ్ళు ఆడదానికి తెర మీద బలం ఇచ్చిన ప్రతిసారీ కోరికను తీసేసుకున్నారు. దేవత కావచ్చు, పోలీసు కావచ్చు, పగబట్టిన ఇల్లాలు కావచ్చు, రాణి కావచ్చు. ఆమెకు ఆకలి, కోపం, కన్నీళ్ళు అన్నీ ఉంటాయి, ఒక మనిషి కావాలనిపించడం ఒక్కటి తప్ప. "అరుంధతి"నే చూడండి. అందులో కోరిక అన్నది ఎవరికుంది? విలన్ పశుపతికి. కథ మొత్తం నడిచేది వాడి కామంతో. అనుష్క వేసిన జేజమ్మ దానికి ఎదురు నిలబడే పవిత్రత. జనం నోట మిగిలిపోయిన డైలాగు కూడా వాడిదే, "వదల బొమ్మాళీ". సినిమా నాకు చాలా ఇష్టం, అందులో అనుష్క నడకకే టికెట్ డబ్బులు చెల్లు. కానీ ఆమె శరీరం అందులో వాడికి కావలసిన వస్తువు, ఆమె కాపాడుకోవలసిన గౌరవం. ఆమెకు ఆనందమిచ్చేది అనే మాటే లేదు.

1985 "ప్రతిఘటన" ఇంకా గట్టి ఉదాహరణ. విజయశాంతి అందులో లెక్చరర్. క్లాసులోకి వచ్చేసరికి బోర్డు మీద కుర్రాళ్ళు ఒక ఆడమనిషి బొమ్మ అసభ్యంగా గీసి ఉంచుతారు. ఆమె ఏడవదు, బయటకు పోదు. వేటూరి రాసిన పాటతో వాళ్ళను నిలదీస్తుంది. జానకమ్మ గొంతు, టి. కృష్ణ చిత్రీకరణ, ఆ బెంచీల మధ్య ఒక్కొక్క తలా వంగిపోవడం. ఇప్పుడు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పాట వాదన ఏమిటంటే, మీరు వెకిలిగా చూస్తున్న ఆ చోటే మీరు పుట్టిన చోటు, మీకు పాలిచ్చిన చోటు. ఆ సమయానికి, ఆ కుర్రాళ్ళకు అదే దెబ్బ. కాదనను. కానీ గమనించండి, ఆడదాని శరీరానికి గౌరవం అడగాలంటే దాన్ని తల్లి శరీరం చేస్తే తప్ప కుదరలేదు. అది ఆమె శరీరం, ఆమె ఇష్టం అంటే ఆ హాల్లో ఎవరూ తలలు వంచరు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ లెక్క పెద్దగా మారలేదు.

2023లో వచ్చిన "మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టి" చాలా ధైర్యమైన కథ అన్నారు. నిజమే, పెళ్ళొద్దు, బిడ్డ కావాలి అనే చెఫ్ పాత్ర. అనుష్క హుందాగా చేసింది, ఫ్యామిలీలు చక్కగా వచ్చాయి. కానీ ఆ బిడ్డ ఎలా కావాలి? దాత ద్వారా, ఆసుపత్రిలో, ముట్టుకోకుండా. పెళ్ళి లేకుండా తల్లి కావడానికి మన ప్రేక్షకుడు ఒప్పుకున్నాడు, చప్పట్లు కొట్టాడు. పెళ్ళి లేకుండా పక్కన మనిషి కావాలనుకుంటే ఒప్పుకునేవాడా అన్నది ఆ సినిమా పరీక్షించలేదు. మీ కథ పరీక్షిస్తుంది. మీ నిర్మాతకు టెన్షన్ అందుకే.

ఇక కోరిక ఉన్న ఆడది మన సినిమాల్లో ఎవరు? చాలా కాలం ఆ పని వేరే మనుషులకు అప్పజెప్పారు. జ్యోతిలక్ష్మి, జయమాలిని, ఆ తర్వాత సిల్క్ స్మిత. హీరోయిన్ సిగ్గుపడాలి, కావాలని అడిగే పని వీళ్ళు చేయాలి, అదీ ఒక పాట సేపు. ఏలూరు నుంచి వెళ్ళిన స్మిత పాట ఒక్కటి కలిపితే చాలు, అమ్ముడుపోని సినిమాకు బయ్యర్ దొరికేవాడు. ఆమెలో ఎంత నటి ఉందో 1981 "సీతాకోకచిలుక"లో శరత్‌బాబు భార్యగా వేసిన పాత్ర చూస్తే తెలుస్తుంది. చీర కట్టుకుని, కళ్ళతోనే ఆ ఇంట్లో తన బతుకు చెబుతుంది. ఆ తర్వాత అలాంటివి ఎన్ని ఇచ్చారు? 1996లో చెన్నైలో ముప్పై అయిదేళ్ళకే పోయింది. 2011లో ఆమె జీవితం స్ఫూర్తి అని హిందీలో తీసిన సినిమా బాగా ఆడింది, విద్యాబాలన్‌కు జాతీయ అవార్డు వచ్చింది. బతికుండగా ఆమెకు ఎవరూ రాయని పాత్ర అది. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఈ మధ్య కాలంలో కోరికను హీరోయిన్‌కే ఇచ్చారు, కానీ దానికి శిక్ష కూడా వెంటే రాశారు. 2018 "ఆర్‌ఎక్స్ 100"లో ఇందు తనకు కావలసింది తీసుకుని పోతుంది, కథ ఆమెను విలన్‌గా తేల్చింది. 2023 "బేబీ"లో వైష్ణవి చైతన్య అద్భుతంగా నటించింది. తప్పు చేసి, భయపడి, మళ్ళీ ఆశపడే ఒక బస్తీ పిల్లను కళ్ళ ముందు నిలబెట్టింది. హాల్లో కుర్రాళ్ళు ఆ పాత్రను బూతులు తిట్టడానికే మళ్ళీ మళ్ళీ వచ్చారు. డబ్బులు బాగా వచ్చాయి, కానీ ఏ భావానికి వచ్చాయో మనం దాచుకోకూడదు. అదే ఏడాది "మంగళవారం"లో "ఆర్‌ఎక్స్ 100" దర్శకుడు అజయ్ భూపతే, పాయల్ రాజ్‌పుత్‌తోనే, కోరిక ఆపుకోలేని అమ్మాయి కథ చెప్పాడు. ఈసారి ఆమె మీద జాలి ఉంది, ఊరి మీద కోపం ఉంది. ఒక మెట్టు ఎక్కినట్టే. అయినా ఆ కోరికకు జబ్బు అని పేరు పెట్టాకే జాలి వచ్చింది.

మరి దారి లేదా అంటే, ఉంది. "అరుంధతి" తర్వాతి ఏడాదే, 2010లో, అదే అనుష్క "వేదం"లో సరోజగా వేసింది. అమలాపురం నుంచి హైదరాబాద్ వచ్చి సొంతంగా బతకాలనుకునే వేశ్య. దర్శకుడు క్రిష్ ఆ పాత్ర కోరికకు శిక్ష రాయలేదు, ఏడిపించి పుణ్యం కట్టబెట్టలేదు. జేజమ్మను పూజించినవాళ్ళే సరోజను చూసి ముఖం తిప్పుకోలేదు. 2017 "ఫిదా"లో సాయి పల్లవి భానుమతి తనకు నచ్చినవాణ్ణి నచ్చాడని కళ్ళెగరేసి చూస్తుంది, కోపమొస్తే వదిలేస్తుంది, బాన్సువాడ వదిలి రానంటుంది. ఆమెను చూడ్డానికి థియేటర్లకు ఆడపిల్లలు గుంపులుగా వచ్చారు. 2022 "డీజే టిల్లు"లో రాధిక మోసగత్తె కావచ్చు, కానీ తన ఇష్టానికి సిగ్గుపడదు, జనం ఆమె పేరును మరచిపోలేదు. 2025 నవంబరులో "ది గర్ల్‌ఫ్రెండ్" వచ్చింది. రష్మిక అందులో భూమ, ప్రేమ పేరుతో తనను మింగేస్తున్న కుర్రాడి నుంచి బయటపడే ఎం.ఏ. అమ్మాయి. అతనితో దగ్గరగా ఉన్నందుకు సిగ్గుపడాల్సింది తను కాదని నలుగురి ముందు నిలబడి చెబుతుంది. శుక్రవారం నెమ్మదిగా మొదలై శని, ఆదివారాలు పెరిగింది. నేను పైన చెప్పిన షీటు గుర్తుందిగా, అదే నడక. అదే సంవత్సరం మలయాళం "లోకా" తెలుగులోనూ విడుదలైంది. కళ్యాణి ప్రియదర్శన్ పేరు మీద సూపర్ హీరో సినిమా, 300 కోట్ల గ్రాస్ దాటిందని ట్రేడ్ లెక్క.

ఆడనివీ ఉన్నాయి. సమంత "ఓ బేబీ" 2019లో బాగా ఆడింది, 2023లో "శాకుంతలం" పోయింది. పోయింది ఆమె ఆడది కావడం వల్ల కాదు, సినిమా నిలబడక. హీరో సినిమా పోతే కథ బాగాలేదంటారు, హీరోయిన్ సినిమా పోతే హీరోయిన్ సినిమాలే ఆడవంటారు. మీ నిర్మాత ముందు ఈ మాట గట్టిగా అనండి.

ఫ్యామిలీలు రావన్న భయానికి వద్దాం. 2017 ఆగస్టులో "అర్జున్ రెడ్డి" ముద్దు పోస్టర్‌ను హైదరాబాద్‌లో ఆర్టీసీ బస్సు మీద నుంచి కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు గారు చింపేశారు. సినిమాకు ఎ సర్టిఫికెట్. ఏమైంది? పెద్ద హిట్. కాబట్టి శరీరం చూపిస్తే జనం రారన్న మాట మగవాడి కోరికకు వర్తించలేదు. అదే ఏడాది జనవరిలో హిందీ సినిమా "లిప్‌స్టిక్ అండర్ మై బుర్ఖా"కు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ నిరాకరిస్తూ రాసిన కారణాల్లో మొదటిది, ఇది ఆడవాళ్ళ వైపు నుంచి చెప్పిన కథ అని. సెన్సార్ మీద అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్‌కు వెళ్ళి, ఎ సర్టిఫికెట్ తెచ్చుకుని జులైలో విడుదల చేసుకున్నారు. మీకు ఆ సౌకర్యం లేదు. ఆ ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు, ఇప్పుడు బోర్డుతో తేడా వస్తే హైకోర్టుకే వెళ్ళాలి. చిన్న సినిమాకు ఆ ఖర్చు, ఆ ఆలస్యం భరించలేనివి.

అందుకని ఇప్పుడే, స్క్రిప్ట్ దశలోనే తేల్చుకోండి. ఎ వస్తే ఆ ప్రింట్ టీవీలో వేయడానికి లేదు, శాటిలైట్ (టీవీ హక్కుల) డబ్బు కావాలంటే కత్తిరించి మళ్ళీ సర్టిఫై చేయించాలి. ఇప్పుడు యు/ఎలో 7, 13, 16 ఏళ్ళని మూడు మెట్లు వచ్చాయి. మీ కథ యు/ఎ 16లో సరిపోతుందని నా అంచనా, ఎందుకంటే అందులో కావలసింది నగ్నత్వం కాదు, ఆమె ముఖం. కొడుకు ట్యూషన్‌కు వెళ్ళాక ఆమె తలుపు గడియ వేసి ఒక్క నిమిషం అక్కడే నిలబడే సీను రాశారు కదా. ఆ నిమిషం నిడివి తగ్గించకండి. మన ఆడవాళ్ళు సినిమాలో ముఖం తిప్పుకునేది కోరిక చూసి కాదు. కెమెరా తమ మీద కుర్రాడి కన్నులా పాకుతున్నప్పుడు. అది ఆమె చూపు వెంట నడిస్తే, పక్కన అత్తగారున్నా కూర్చుని చూస్తారు. నేను బాల్కనీ వెనక నిలబడి ఎన్నోసార్లు చూసిన విషయం ఇది. నచ్చనప్పుడు ఒకేసారి పది సెల్‌ఫోన్లు వెలుగుతాయి.

ఐటెం సాంగ్ మాట. ఓపెనింగ్ ఉన్న హీరో సినిమాకు అది ఇంకో నాలుగు షోలు ఇస్తుంది. 2021 "పుష్ప"లో "ఊ అంటావా" చూడండి, చంద్రబోస్ మాటలు మగవాడి చూపును నిలదీశాయి, కెమెరా ఆ చూపుతోనే తిరిగింది, రెండూ అమ్ముడయ్యాయి. మీ సినిమాకు కుర్రాళ్ళు పాట కోసం రారు, పాట ఫోన్లో చూసుకుంటారు. పోస్టర్ మీద ఆ పాట స్టిల్ పడిన రోజున మీ సోమవారం మ్యాట్నీ పోతుంది. పైగా 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ అసభ్యమైన డాన్సుల మీద సినిమావాళ్ళకు హెచ్చరిక ఇచ్చింది, ఆ రభస మీ సినిమాకు అక్కర్లేదు. ఆ పాట డబ్బును పబ్లిసిటీలో పెట్టించండి.

అమ్మకం ఎలా అంటారా. ఎం.జి. కోసం పట్టుబట్టకండి, పర్సంటేజ్ మీద, అంటే వచ్చిన కలెక్షన్లో వాటా మీద, ఇవ్వండి. బయ్యర్‌కు భయం తగ్గితే మంచి షోలు అడగొచ్చు. సంక్రాంతి, దసరా వదిలేయండి. పిల్లల పరీక్షలు అయిపోయి, పెద్ద సినిమా లేని శుక్రవారం చూసుకోండి. థియేటర్లు తక్కువ పెట్టినా ఫర్వాలేదు, మ్యాట్నీ, ఫస్ట్ షో మాత్రం వదలొద్దు. క్రాస్ రోడ్స్‌లో ఒకటి, కూకట్‌పల్లిలో ఒకటి, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒకటి, గచ్చిబౌలి మల్టీప్లెక్సులు. విడుదలకు రెండు రోజుల ముందు ఆడవాళ్ళకే ప్రీమియర్లు వేయండి, పగటి పూట. 2024 డిసెంబరులో సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయాక రాత్రి ప్రీమియర్ అంటే ఇళ్ళల్లో జంకుతున్నారు, ఆ జంకులో న్యాయముంది. ఓటీటీ వాళ్ళతో మాట్లాడేటప్పుడు నాలుగు వారాల కంటే ముందు సినిమా ఓటీటీలోకి రాకూడదని రాయించుకోండి. మీ ప్రేక్షకురాలు రెండో వారంలో వస్తుంది. మూడు వారాల్లో ఇంట్లోకే వస్తుందని తెలిస్తే ఆగిపోతుంది.

చివరిగా ఆ పాత్ర వేసే నటి. చూడండమ్మా, ఇది మీరు మిగతా అన్నిటికంటే ముందు చేయాలి. మన ఊళ్ళో సినిమారంగం ఆడవాళ్ళకు అండగా "వాయిస్ ఆఫ్ విమెన్" అనే బృందం 2019లో మొదలైంది, ఇండస్ట్రీలో వేధింపుల మీద ప్రభుత్వ సబ్‌కమిటీ రిపోర్ట్ బయటపెట్టమని 2024లో సమంత బహిరంగంగా అడగాల్సి వచ్చింది. ఇంకా ఆ స్థితిలోనే ఉన్నాం. కాబట్టి దగ్గరితనం ఉన్న ప్రతి సీనూ ఎంతవరకు అన్నది ముందే కాగితం మీద రాసి ఆమెకు ఇవ్వండి. ఇలాంటి సీన్లలో నటుల హద్దులు చూసుకునే ఇంటిమసీ కోఆర్డినేటర్‌కు బడ్జెట్‌లో లైను పెట్టించండి. సెట్‌లో ఎవరెవరుండాలో పేర్లతో రాయండి. ఆ సీన్ల నుంచి తీసిన ఏ స్టిల్, ఏ క్లిప్ కూడా ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా పోస్టర్‌కు, ట్రైలర్‌కు, థంబ్‌నెయిల్‌కు వాడకూడదని నిర్మాతతోనూ, ఓటీటీ సంస్థతోనూ చేసే రెండు ఒప్పందాల్లోనూ ఉండాలి. ఆ క్లాజు పెట్టడానికి నిర్మాత ఒప్పుకోకపోతే ఆయనకు మీ కథ ఇవ్వకండి. వేరే నిర్మాత దొరికేదాకా ఆగండి.